అట్టముక్కల ఆస్తి

మా ఆవిడ వాటిని అట్టముక్కలంటుంది. మా అమ్మ చిత్తుకాగితాలంటుంది. మా మామగారు కొన్నాళ్లపాటు పేకముక్కలన్నారు. దాని వెనక పెద్ద కథ ఉన్నది, ముందుముందు చెబుతాను. మా అమ్మాయి మాత్రం "నాన్న పెద్ద పిల్లలు" అంటుంది. తనూ, అన్నయ్యా వాటి తరవాత పుట్టినవాళ్లమని దాని ఫిర్యాదు.

నేను కార్డులంటాను. క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులు. ముందువైపు ఆటగాడి ఫోటో, వెనకవైపు పుట్టినతేదీ, ఆడిన ఆటలు, చేసిన పరుగులు, తీసిన వికెట్లు. ఇలాంటివి నా దగ్గర రెండువేల మూడువందల పైచిలుకు ఉన్నవి.

"ఇంత వయసొచ్చి, బాంకులో ఆఫీసరు ఉద్యోగం చేస్తూ, ఇదేం పని?" అని మీరు అనబోతున్నారు. అనండి, నాకు కొత్త కాదు. ఈ లోకం తీరే అంత. తపాలా బిళ్లలు దాచుకునేవాణ్ణి చూసి విజ్ఞాని అంటుంది. పాత నాణాలు దాచుకుంటే చరిత్ర పరిశోధకుడంటుంది. పట్టుచీరలు దాచుకుంటే గృహలక్ష్మి అని హారతి పడుతుంది. క్రికెట్ కార్డులు దాచుకునేవాడికి మాత్రం "ఇంకా పిల్లతనం పోలేదు" అనే బిరుదు తప్ప ఇంకొకటి లేదు.

నిజానికి వీటి వంశం ఏమీ తీసిపారేసేది కాదు. వెనకటి రోజుల్లో సిగరెట్టు పెట్టెలు పల్చని కాగితంతో చేసేవారు. జేబులో పెట్టుకుంటే లోపల సిగరెట్లు నలిగిపోయేవి. అందుకని ఒక అట్టముక్క అడ్డం పెట్టారు. ఊరికే అట్ట ఎందుకని దాని మీద బొమ్మ వేశారు. ఇంగ్లండులో విల్స్ కంపెనీవారు 1896లో యాభైమంది క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు ఇలాగే వేశారు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లను వేశారు. తండ్రి సిగరెట్టు కాల్చేవాడు, కొడుకు బొమ్మ దాచుకునేవాడు. కొన్నాళ్లకు సిగరెట్టు పెట్టెలో నుంచి బొమ్మ బబుల్ గమ్ పొట్లంలోకి మకాం మార్చింది. అక్కడ నాకు దొరికింది.

అది 1987వ సంవత్సరం. నాకు పన్నెండేళ్లు. రాజమండ్రిలో ఉండేవాళ్లం. ప్రపంచ కప్పు పోటీలు మొట్టమొదటిసారి ఇంగ్లండు దాటి మన దేశంలోనూ పాకిస్తాన్‌లోనూ జరిగిన ఏడు అది. మా హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో కూడా ఒక ఆట జరిగింది. జింబాబ్వే తరఫున డేవ్ హౌటన్ అనే ఆయన 142 పరుగులు కొట్టి, న్యూజీలాండు చేతిలో మూడే మూడు పరుగుల తేడాతో ఓడిపోవడం చూసి మా వీధి వీధంతా ఉస్సురన్నది. నాగపూర్‌లో చేతన్ శర్మ వరసగా మూడు బంతుల్లో ముగ్గురి వికెట్లు ఎగరగొట్టిన రోజున అయితే నేను మంచం మీంచి దూకి మోచెయ్యి కొట్టుకున్నాను. ఆ మచ్చ ఇంకా ఉన్నది. అటువంటి రోజుల్లో బిగ్ ఫన్ అనే బబుల్ గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు వస్తున్నాయంటే మా ఈడు పిల్లలకు ఇంకేం కావాలి? గమ్ ఎంతసేపు నమిలినా దవడలు నొప్పెట్టడమే గాని మిగిలేదేమీ లేదు. బొమ్మ మిగిలేది.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నా బిస్కెట్ల రేకుడబ్బా మొదటిసారి ఆయన కంట పడిన రోజున నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ఒక కార్డు తీసి, తిప్పి, వెనక ఉన్న అంకెలు చదివారు. "ఈయన ఎన్నిసార్లు దిగాడు? ఎన్నిసార్లు అవుటు కాకుండా మిగిలాడు? మొత్తం పరుగులెన్ని? అయితే సగటు ఎంత?" అన్నారు. నేను పరుగుల్ని దిగిన సంఖ్యతో భాగించాను. తొడపాశం పెట్టారు. అవుటు కానివి తీసేసి భాగించాలిట. ఆ తరవాత రోజూ సాయంత్రం ఐదు కార్డులకు సగటు కట్టించేవారు. బ్రాడ్‌మన్ లెక్క నాకు ఇప్పటికీ నోటికి వచ్చును: 6,996 పరుగులు, ఎనభైసార్లు దిగాడు, పదిసార్లు అవుటు కాలేదు. డెబ్భైతో భాగిస్తే 99.94. ఆ లెక్క పూర్తయినప్పుడు నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. "నూరుకి ఆరు పైసలు తక్కువ" అని, లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చారు. ఆయన కార్డుల్ని మెచ్చుకున్నారో లేదో నాకు తెలియదు. ఆ ఏడు లెక్కల్లో నాకు తొంభైరెండు వచ్చాయి. అప్పట్నించీ రేకుడబ్బా జోలికి ఆయన పోలేదు.

అమ్మ సంగతి అలా కాదు. ఆమెకు ఇంట్లో కాగితం ముక్క కనిపిస్తే రెండే గతులు, పొయ్యిలోకి గాని, భోగిమంటలోకి గాని. ధనుర్మాసం వస్తోందంటే చాలు, ఆమె చూపు రేకుడబ్బా మీద పడేది. "ఈ చిత్తుకాగితాలు ఈసారి భోగిమంటలో పడితే గాని ఇంటికి పట్టిన దరిద్రం వదలదు" అనేది. నేను డబ్బాని పక్కలో పెట్టుకుని పడుకునేవాణ్ణి.

1988 సంక్రాంతికి ఒక విశేషం జరిగింది. బొమ్మలకొలువు కోసం అటక మీంచి పెట్టె దింపుతుంటే జారిపడి సగం బొమ్మలు విరిగిపోయినై. చెట్టియారూ చెట్టియారమ్మా మిగిలారు, కొండపల్లి ఏనుగు అంబారీ మిగిలింది. ఐదు మెట్లు కట్టిన తరవాత అడుగు మెట్టు ఖాళీ. సాయంత్రం పేరంటానికి పదిహేనుమంది వస్తారు. మా చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ కాసేపు ఖాళీ మెట్టు వంక చూసి, నా వంక చూసి, "ఆ డబ్బా ఇలా తీసుకురా" అన్నది.

ఆవాలు చల్లి మొలిపించిన పచ్చని పళ్లెం ఒకటి సిద్ధంగా ఉన్నది. దాన్ని అడుగు మెట్టు మీద పెట్టి, చుట్టూ చీపురుపుల్లలు చీల్చి గుచ్చి, వాటికి పదకొండుమందిని నిలబెట్టింది. కపిల్ దేవ్, గవాస్కర్, శ్రీకాంత్, వెంగ్‌సర్కార్, రవిశాస్త్రి, రోజర్ బిన్నీ, అందరూ ఆ పచ్చిక మైదానంలో బుద్ధిగా నిలుచున్నారు. నిలబెట్టి ఊరుకున్నదా? కొలువులో పెట్టిన బొమ్మకి బొట్టు పెట్టకపోతే ఎలా అని, తడి కుంకుమ తీసుకుని పదకొండుమందికీ వరసగా బొట్లు పెట్టింది. శ్రీకాంత్‌కి హెల్మెట్ అడ్డం వచ్చింది. దసరాకి సైకిలుకి పెట్టినట్టు హెల్మెట్‌కే పెట్టేసింది.

పేరంటాళ్లు వచ్చారు. ఎదురింటి పిన్నిగారు వంగి చూసి, "ఈ మధ్యలో ఉన్నాయన ఎవరండీ వదినగారూ?" అన్నది. మా అమ్మ ఏమాత్రం తడుముకోకుండా "కపిలదేవుడండీ" అన్నది. పిన్నిగారు భక్తిగా చెంపలు వేసుకుని శనగలు పుచ్చుకుని వెళ్లింది. ఆ మూడురోజుల్లోనూ వచ్చినవాళ్లకు చెప్పీ చెప్పీ మా అమ్మకి పదకొండు పేర్లూ కంఠస్థం వచ్చేశాయి. ఆ తరవాత భోగిమంట మాట ఎత్తలేదు. చిత్తుకాగితాలనడం మాత్రం మానలేదు.

ఇక మామగారి కథ. 2001లో నాకు సంబంధాలు చూస్తున్నారు. భీమవరం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది, జాతకాలు కుదిరినై, ఇక తాంబూలాలే తరువాయి అనుకుంటుండగా ఉన్నట్టుండి వాళ్లు నోరు మెదపడం మానేశారు. పదిహేనురోజులైనా కబురు లేదు. తీరా సంగతి ఏమిటంటే, మధ్యవర్తిగా ఉన్న పెళ్లిళ్ల పేరయ్య మా వీధిలో వాకబు చేశాడట. ఎవరో పుణ్యాత్ముడు "కుర్రవాడు బుద్ధిమంతుడేనండీ, కాకపోతే చిన్నప్పట్నించీ కార్డుల పిచ్చి. డబ్బాలకొద్దీ ఉన్నాయి. జీతం రాగానే కార్డులు కొంటాడు" అన్నాడట. పాపం, అతను ఒక్క అక్షరం అబద్ధం చెప్పలేదు. కాని పిల్లవారి వంశంలో పెదతాతగారొకాయన పేకాటలో మూడెకరాలు తగలేసి ఉన్నాడు. ఆ ఇంట్లో కార్డు అన్నమాట వినపడితే ఆడవాళ్లు లెంపలు వేసుకుంటారు.

చివరికి మామగారు తేల్చుకుందామని తానే బయలుదేరి వచ్చారు. వచ్చి కూర్చుని, మజ్జిగ పుచ్చుకుని, గొంతు సవరించుకుని, "మావాడు ఏదో అన్నాడండీ... అబ్బాయికి... కార్డులు..." అని నసిగారు. మా నాన్నగారు "ఆఁ, ఉన్నవండీ, బోలెడు" అని లోపలికి వెళ్లి రేకుడబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టారు. మామగారి ముఖం మాడిపోయింది. పాపిష్టి సొమ్ము ముట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఒక కార్డు పైకి తీశారు. ఆసు వస్తుందనుకుంటే అర్షద్ అయూబ్ వచ్చాడు.

ఆయన తిప్పి చూశారు. మళ్లీ తిప్పి చూశారు. "మా హైదరాబాదు ఆఫ్ స్పిన్నరు!" అన్నారు. అంతే, పెళ్లిమాట మూలన పడింది. ఆయన కుర్రతనంలో హైదరాబాదులో చదువుకున్నారుట. ఫతే మైదానంలో జయసింహ ఆట చూశారుట. చొక్కా కాలరు పైకెత్తి ఆయన నడిచివస్తుంటే ఆట చూడ్డానికి వచ్చినవాళ్లు నడక చూస్తూ ఉండిపోయేవారట. "ఇందులో జయసింహ ఉన్నాడా?" అని అడిగారు. లేడన్నాను. బబుల్ గమ్ వాళ్లు అప్పటికి ఆడుతున్నవాళ్ల బొమ్మలే వేశారు. జయసింహ 1971లోనే టెస్టులు ఆడటం ఆపేశాడు. ఆయన నిట్టూర్చి, "దొరికితే చెప్పండి" అన్నారు. ముహూర్తం ఆ సాయంత్రమే పెట్టుకున్నాం. ఇరవై ఏళ్లు దాటినా ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పుతూనే "అల్లుడుగారూ, జయసింహ దొరికాడా?" అంటారు. ఇంతవరకూ దొరకలేదు.

తండ్రి అలా ఉన్నాడని కూతురు అలాగే ఉంటుందనుకుంటే పొరపాటు. మా ఆవిడకి క్రికెట్టంటే వంటకి అడ్డం. కాపరానికి వచ్చిన మూడోనాడు బీరువా తీసి, "ఈ మధ్య అర నిండా ఏమిటండీ?" అన్నది.

"కార్డులు."

"ఇవి ఇక్కడుంటే నా పట్టుచీరలు ఎక్కడ పెట్టుకోను?"

"కింద అర ఖాళీగానే ఉన్నది కదా."

"కింద అర చెమ్మ. పట్టు పాడవుతుంది."

"చెమ్మకి అట్ట ఇంకా ముందు పాడవుతుంది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కాకినాడలో కాపరం. సముద్రపు గాలికి గోడలే చెమరుస్తాయి. అట్టముక్కలకూ పట్టుచీరలకూ శత్రువులు ఒకటే: చెమ్మ, పురుగు, ఎండ. మధ్య అరని చెరి సగం చేసుకున్నాం. కలరా ఉండలు మాత్రం ఉమ్మడి. అప్పటికి నేను కార్డుల్ని రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టి ఉంచేవాణ్ణి. అది అంచుల్ని కొరికేస్తున్నదని కనిపెట్టి, పాత మెత్తటి వాయిలు చీర చింపి ముక్కలు చేసి చుట్టిపెట్టింది మా ఆవిడే. "అట్టముక్కలకి అంగవస్త్రాలు" అని వెక్కిరిస్తూనే చుట్టింది. ఖరీదు ఎంతని ఏనాడూ అడగలేదు. నేను కొత్త పొట్లం కొన్న నెలలో తనూ ఒక చీర కొనేది. నేనూ అడగలేదు.

1999లో ఒక బిస్కెట్ల కంపెనీవారు ప్రపంచ కప్పు సందర్భంగా పొట్లాల మీద పరుగులు అచ్చువేసి, నూరు పరుగులు పోగుచేసిన వాళ్లకి బహుమతి పుస్తకం ఇచ్చారు. బ్రిటానియా ఖావో, వరల్డ్ కప్ జావో అని టీవీలో హోరెత్తించారు, మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా చెల్లెలు తన కాపరం నుంచి నాకోసం ఆ కాగితాలు పోగుచేసి పోస్టులో పంపింది. ఇంట్లో అందరిలోకీ ఏ వ్యాఖ్యానమూ లేకుండా నా పిచ్చికి తోడ్పడినది అదొక్కతే.

మా అబ్బాయి వచ్చేసరికి కార్డుల కాలమే మారింది. ఐ.పి.ఎల్. వచ్చింది. అమెరికాలో బేస్‌బాల్ కార్డులు వేసే టాప్స్ కంపెనీయే ఇక్కడ క్రికెట్ అట్టాక్స్ అని మెరిసే కార్డులు వేసింది. వాడు వాటిని దాచడు, ఆడతాడు. కార్డుకు కార్డు పోటీ పెట్టి గెలిచి జేబులో కుక్కుకుంటాడు. మూలలు వంగిపోతున్నాయిరా అంటే "ఆడటానికే కదా నాన్నా" అంటాడు. వాడి వాదంలో సబబు లేకపోలేదు. ఒకరోజు సాయంత్రం ముఖం వెలిగిపోతూ వచ్చి, "నాన్నా, నీ డబ్బాలోంచి ఎవడో పాతవాణ్ణి ఇచ్చి మెరుపు కార్డు కొట్టేశాను!" అన్నాడు.

"ఎవర్నిచ్చావురా?"

"రోజర్ బిన్నీ ట. ముఖాన ఎర్రటి మరక కూడా ఉన్నది. ఆ మొద్దువాడు చూసుకోలేదు."

1983 ప్రపంచ కప్పులో అందరికంటె ఎక్కువగా పద్ధెనిమిది వికెట్లు తీసిన మనిషి. దానికి మించి మా అమ్మ చేత బొట్టు పెట్టించుకున్న మనిషి. నేను ఆఫీసు బట్టలైనా మార్చుకోకుండా రెండు వీధుల అవతల ఉన్న ఆ ఎనిమిదేళ్ల పిల్లవాడి ఇంటికి వెళ్లాను. వాడు గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందకి చూశాడు. బాంకులో ఎంతోమంది వ్యాపారస్థులతో అప్పుల బేరాలు సాగించినవాణ్ణి, వాడి ముందు నిలవలేకపోయాను. మూడు కొత్త పొట్లాలకి తెగింది. వాళ్ల నాన్నగారు లోపల్నించి కాఫీ తాగి వెళ్లమన్నారు గాని, ఎందుకు వచ్చానో ఆయనకి చెప్పబుద్ధి కాలేదు.

ఇదంతా ఇలా సాగుతుండగా, 2022 ఆగస్టులో ఒక తెల్లవారుజామున న్యూజెర్సీ నుంచి మా బావమరిది ఫోను చేశాడు. "బావగారూ, మీ కార్డులు భద్రంగా ఉన్నాయా?" అన్నాడు. ఎప్పుడూ కులాసా అడిగేవాడు కార్డుల కులాసా అడగడమేమిటని కంగారు పడ్డాను. సంగతేమిటంటే, అక్కడ మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి 1952 నాటి టాప్స్ కార్డు ఒకటి వేలంలో కోటీ ఇరవైయారు లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో ఇంచుమించు నూరు కోట్ల రూపాయలు. అదే నెలలో హోనస్ వాగ్నర్ అనే ఇంకొకాయన సిగరెట్టు కార్డు డెబ్భైరెండున్నర లక్షల డాలర్లు పలికింది.

ఈ వార్త మా ఇంట్లో ఏంచేసిందో చెప్పనలవి కాదు. ఆ ఉదయం మా ఆవిడ బీరువా తుడిచి మధ్య అర మొత్తం నాకు ఇచ్చేసింది. మామగారు ఫోను చేసి "అల్లుడుగారూ, జయసింహ దొరికితే అమ్మకండి" అన్నారు. మా అబ్బాయి బెంగుళూరు నుంచి, చిన్నప్పుడు తను అరగదీసిన కార్డులు ఎన్ని అని విచారించాడు. మా అమ్మ "మన చిత్తుకాగితాలేనా?" అని అడిగింది. చిత్తుకాగితాలకి ముందు "మన" వచ్చి చేరడం అదే మొదలు.

నాకు మాత్రం భయం వేసింది. మనిషిని పిచ్చివాడంటే ఆ పిచ్చి వాడికి దక్కుతుంది. ఆస్తిపరుడంటే అందరూ లెక్క అడుగుతారు. పైగా ఆ ధరలు ఎందుకు వచ్చినవో నాకు తెలుసు. ఆ 1952 కార్డుల్లో చివరి దఫావి అమ్ముడుపోక గిడ్డంగిలో మూలుగుతుంటే, 1960లో వాటిని పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీలో పనిచేసిన సై బెర్గర్ అనే ఆయన చెప్పుకున్నాడు. మిగిలిన వాటిలో చాలా భాగం, పిల్లలు కాలేజీలకు వెళ్లగానే అమెరికా తల్లులు చెత్తబుట్టలో వేశారు. సముద్రుడూ తల్లులూ పుణ్యం కట్టుకోబట్టి మిగిలిన కాసిని బంగారమైనవి. ఆ ప్రకారం చూస్తే మన కార్డుల ధర పెరగాలంటే మా అమ్మ భోగిమంట పట్టుదల ఊరంతటా సాగి ఉండాలి.

మరుసటి సంక్రాంతికి బావమరిది వచ్చాడు. చేతిలో భూతద్దం, చిన్న స్కేలు. అక్కడ కార్డులకి ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసే కంపెనీలున్నవిట. మూలలు వాడిగా ఉన్నాయా, అంచులు చెదిరాయా, బొమ్మ సరిగ్గా మధ్యకి పడిందా, మీద గీతలున్నాయా, ఇవన్నీ చూసి మార్కులు వేసి గాజులాంటి పెట్టెలో మూసేస్తారట. రెండురోజులు హాల్లో చాప వేసుకుని చూశాడు. నేను పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రిలా పక్కన కూర్చున్నాను. మా ఆవిడ గంటకోసారి కాఫీ ఇచ్చి వెడుతున్నది.

రెండోనాటి సాయంత్రం కొలువు పదకొండుమందీ బయటపడ్డారు. "ఇదేమిటి బావగారూ, ఈ ఎర్రటి మరకలు?" అన్నాడు. అప్పుడే గదిలోంచి మా అమ్మ చేతికర్ర ఊతగా హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నది. నేను సైగ చేశాను. అతను భూతద్దంలో ఉన్నాడు, చూడలేదు. "ఇవి మాత్రం పూర్తిగా పోయాయి బావగారూ. మరక లేకపోతే మొత్తంలో ఇవే మంచివి. మూలలు ఎంత బాగున్నాయో చూడండి! ఎవరు చేశారో గాని..." అన్నాడు.

హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. మా అమ్మకి ఎనభై ఏళ్లు. చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నవి. కాసేపటికి, "తడిగుడ్డతో తుడిస్తే పోదూ?" అన్నది మెల్లిగా. ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

పోదమ్మా, అట్ట కూడా వస్తుంది, అని బావమరిది చెప్పబోయాడు. ఈసారి మా ఆవిడ వాడికేసి చూసింది. తమ్ముళ్లను నోరు మూయించే చూపు ఒకటి అక్కగార్లకి ఉంటుంది. వాడు భూతద్దం దించేశాడు.

మొత్తం లెక్క తేలిందేమిటంటే, గమ్ పొట్లాల్లో వచ్చిన ఈ కార్డులకి అమెరికా ధరలు కలలో మాట. అన్నీ కలిపి అమ్మినా వాటిని పెట్టిన బీరువా ఖరీదు రావడం కష్టం. మా అబ్బాయి ఫోన్లో "పోనీలే నాన్నా" అన్నాడు, ఎవరో పోయినట్టు. రాత్రి అమ్మకి మందు బిళ్ల ఇవ్వడానికి వెడితే, "ఆ అబ్బాయి వాటిని ఏమన్నాడురా?" అని అడిగింది.

"ఆ పదకొండూ అమ్మడానికి కాదన్నాడు."

"అదీ మంచిదే" అని బిళ్ల వేసుకుని అటు తిరిగి పడుకున్నది.

ఆ రాత్రి మా ఆవిడ దీపం ఆర్పేముందు మంచం మీద కూర్చుని, "నేనొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ తరవాత వీటిని ఏంచెయ్యమంటారు?" అన్నది.

ఇరవై ఏళ్లలో ఇంట్లో వాళ్లు నన్ను కార్డుల గురించి ఎన్నో అడిగారు. ఎందుకన్నారు, ఎంతన్నారు, ఎన్నాళ్లన్నారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అబ్బాయికి అక్కరలేదు, అమ్మాయికి నవ్వులాట. డబ్బు రాదు. మరి చెత్తబండికి ఇవ్వాలా? "చెత్తబండికి ఇవ్వడానికి నాకు చేతులు రావు. ఉంచుకుందామంటే ఎవరెవరో నాకు తెలియదు" అన్నది.

నాకు బర్డిక్ గుర్తుకొచ్చాడు. అమెరికాలో సిరక్యూజ్ అనే ఊళ్లో జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన ఉండేవాడు. విద్యుత్తు సామాను తయారుచేసే ఫ్యాక్టరీలో చిన్న ఉద్యోగం. కీళ్లవాతంతో చేతులు వంకర్లు పోయినవి. కార్డులు, లేబుళ్లు, గ్రీటింగులు, అన్నీ కలిపి మూడు లక్షల పైగా పోగుచేశాడు. అందులో బేస్‌బాల్ కార్డులే ముప్ఫైవేలు దాటాయి. నూరు కోట్ల వార్తతోపాటు వచ్చిన వాగ్నర్ కార్డు లాంటిది అందులో ఒకటున్నది. ఆయన ఒక్కటీ అమ్మలేదు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఊరికే ఇచ్చి ఊరుకోలేదు. 1948 నుంచి అక్కడికి వెడుతూ, ఆ వంకర చేతులతో తానే ఆల్బముల్లో అతికించాడు. 1963 జనవరిలో పని ముగిసింది. మార్చిలో ఆయన పోయాడు.

అంతా విని మా ఆవిడ, "ఆయనకి పెళ్లయిందా?" అన్నది.

"లేదు."

"అనుకున్నాను" అని, కాసేపాగి, "మనం మాత్రం సాలార్ జంగ్ మ్యూజియానికి పట్టుకెళ్లి మేలిముసుగు రెబెక్కా పక్కన మీ రోజర్ బిన్నీని పెట్టమంటే పెడతారా?" అన్నది.

పెట్టరని ఇద్దరికీ తెలుసు. మర్నాడు సాయంత్రం ఆమె సంతకి వెళ్లి కూరలతోపాటు రెండువందల పేజీల గళ్ల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. "మీరు చెప్పండి, నేను రాస్తాను. మీ దస్తూరీ మీకే తెలియదు" అన్నది. నంబరు, పేరు, ఏ ఊరు, ఎప్పుడు దొరికింది, ఎవరిచ్చారు, అని గీతలు గీసింది. ఖరీదు అనే గడి కూడా గీయబోయి మానేసింది.

అప్పటినుంచీ వీలున్న రాత్రి పదేసి కార్డులు రాస్తున్నాం. మొదట్లో చెప్పింది చెప్పినట్టు రాసేది. మెల్లిగా ప్రశ్నలు మొదలైనవి. ఒకరోజు టెండూల్కర్ పాత కార్డు వచ్చింది. బుగ్గల కుర్రాడు, జుట్టు ఒత్తుగా. వెనక టెస్టు సెంచరీలు: 1 అని ఉన్నది.

"ఇది అచ్చు తప్పా? ఆయన చాలా చేశాడంటారుగా."

"తప్పు కాదు. 1990 ఆగస్టులో మాంచెస్టరులో మొదటిది చేశాడు. 1992 జనవరిలో సిడ్నీలో రెండోది. ఆ మధ్యలో అచ్చువేసిన కార్డు ఇది. చివరికి యాభైయొకటి చేశాడు."

ఆమె కార్డుని దీపానికి దగ్గరగా పట్టుకుని చూసింది. "అయితే ఈ అబ్బాయికి ఇంకా ఏమీ తెలియదన్నమాట" అన్నది. తరవాత ఆ రాత్రి ఇంకేమీ రాయలేదు.

కొలువు పదకొండుమంది వంతు వచ్చినప్పుడు నేను ఊళ్లో లేను, ఆడిటు పనిమీద విశాఖపట్నం వెళ్లాను. తిరిగొచ్చి పుస్తకం చూస్తే పదకొండు పేర్లూ రాసి ఉన్నవి. ఎవరు చెప్పారంటే అత్తయ్యగారు చెప్పారన్నది. ఒక్క పేరు తప్పు పోలేదు. కపిల్ దేవ్ దగ్గర మాత్రం మా అమ్మ మాట యథాతథంగా కపిలదేవుడు అని ఉన్నది. ఎవరిచ్చారు అన్న గడిలో పదకొండుసార్లూ ఒకటే మాట రాసింది: "అత్తయ్యగారు బొట్టు పెట్టినవి, 1988 సంక్రాంతి."

ఇప్పటికి ఆరువందల నలభై దాకా వచ్చాం. వరస చూస్తుంటే ఐదువందల ఒకటి తరవాత ఐదువందల మూడు ఉన్నది. అంకె దాటేశావేమని అడిగాను.

"దాటెయ్యలేదు. మా నాన్నగారి జయసింహకి ఉంచాను" అన్నది.